సీడీ ప్రాజెక్ట్ రెడ్‌ని నమ్మొచ్చా? ఒక టెస్టర్ సమాధానం

తమ్ముడూ, నీ ప్రశ్న రెండుసార్లు చదివాను. ఆంధ్రా యూనివర్సిటీలో ఇంజినీరింగ్ మూడో ఏడు, చేతిలో మామూలు పీఎస్5 (సోనీ ఆటల కన్సోల్, ప్రో మోడల్ కాదు), ట్యూషన్లు చెప్పిన డబ్బుల్లోంచి ఇంకా రాని విచర్ 4 అనే వీడియో గేమ్ కోసం ఇప్పట్నుంచే పక్కన పెడుతున్నావు. నీ రూమ్మేట్లలో ఒకడు, ఆ ఆట తయారుచేస్తున్న పోలండ్ స్టూడియో సీడీ ప్రాజెక్ట్ రెడ్ అంత నిజాయితీ ఉన్న కంపెనీ ఇంకోటి లేదంటున్నాడు. రెండోవాడు 2020లో సైబర్‌పంక్ ఆటతో జనాన్ని నిలువునా ముంచినవాళ్ళని ఎలా నమ్ముతావంటున్నాడు. ఇద్దరిలో ఎవరిది నిజం, ఆట రాకముందే డబ్బు కట్టి ప్రీ-ఆర్డర్ పెట్టొచ్చా అన్నది నీ ప్రశ్న.

ప్రీ-ఆర్డర్ పెట్టకు. ఆట మాత్రం కొనుక్కో, కాకపోతే అది బయటికొచ్చి, నీ దగ్గరున్న మామూలు పీఎస్5 మీద బయటివాళ్ళు ఆడి చూపించాక. మీ రూమ్‌లో ఇద్దరూ నిజమే చెప్తున్నారు. ఒకడు వాళ్ళ పనితనం గురించి మాట్లాడుతున్నాడు, ఇంకొకడు వాళ్ళ మాట గురించి. పనితనంలో వాళ్ళతో పోల్చదగ్గవాళ్ళు చాలా తక్కువ. మాట మాత్రం ఒకసారి తప్పారు, దాన్ని నిలబెట్టుకున్నారో లేదో తేలాల్సిన రోజు ఇంకా రాలేదు.

నేను గేమ్ టెస్టింగ్‌లో, అంటే రిలీజ్‌కి ముందు ఆటల్లో తప్పులు పట్టే పనిలో, పదేళ్ళ పైనుంచి ఉన్నాను. మొదట హైదరాబాద్ మాదాపూర్‌లో, ఇప్పుడు ఇక్కడే ఎంవీపీ కాలనీలో ఇంటినుంచి, కాంట్రాక్టు పద్ధతిలో. సీడీ ప్రాజెక్ట్‌కి ఎప్పుడూ పని చెయ్యలేదు. కానీ ఒక ఆట రిలీజ్‌కి ముందు ఆర్నెల్లు లోపల ఎలా ఉంటుందో తెలుసు, ఆ కళ్ళతోనే చెప్తున్నాను.

వాళ్ళకి ఆ మంచిపేరు ఎక్కణ్ణుంచి వచ్చిందో ముందు తెలియాలి. 1994లో వార్సాలో మార్చిన్ ఇవిన్‌స్కీ, మిహావ్ కిచిన్‌స్కీ అనే ఇద్దరు స్నేహితులు మొదలుపెట్టారు. అప్పుడు వాళ్ళు ఆటలు తయారుచేసేవాళ్ళు కాదు, బయటినుంచి సీడీలు తెప్పించి అమ్మేవాళ్ళు. అప్పటి పోలండ్ అంటే మన చిన్నప్పటి విశాఖే అనుకో, కాపీ డిస్కు చవగ్గా దొరుకుతుంటే అసలుది కొనేవాడు లేడు. కాపీదారులతో ధరలో పోటీ పడలేమని వాళ్ళకి అర్థమైంది. 1999లో బాల్డర్స్ గేట్ అనే ఆటని పేరున్న నటులతో పోలిష్‌లోకి డబ్బింగ్ చెప్పించి, పెట్టెలో మ్యాపు, పుస్తకం, పాటల సీడీ పెట్టి అమ్మారు. కాపీలో దొరకనిది ఇస్తే జనం డబ్బిచ్చి కొంటారన్నది వాళ్ళ లెక్క, అది నిజమైంది. సొంతంగా ఆటలు చేసే స్టూడియో 2002లో పెట్టారు. మొదటి విచర్ 2007లో వచ్చింది. 2008లో పెట్టిన గాగ్ అనే వాళ్ళ అమ్మకపు సైట్‌లో ఏ తాళమూ లేని కాపీలు ఇచ్చారు. డౌన్‌లోడ్ చేసుకున్న ఫైలు నీదే, ఆడాలంటే ఏ సర్వరునీ అడగక్కర్లేదు.

ఆ 'తాళం లేకపోవడం' అంటే ఏమిటో నాకు హుద్‌హుద్ అప్పుడు అర్థమైంది. 2014 అక్టోబర్ 12. నీకు అప్పటికి తొమ్మిదో పదో ఏళ్ళుంటాయి, చెట్లు పడిపోయిన రోడ్లు గుర్తుండే ఉంటాయి. మా వీధికి కరెంటు రావడానికి తొమ్మిది రోజులు పట్టింది, నెట్ రావడానికి ఇంకో రెండు వారాలు. కప్పు కారి నా కంప్యూటర్ తడిసింది, ఆరబెట్టి విండోస్ మళ్ళీ వేసుకోవాల్సి వచ్చింది. కొనుక్కున్న ఆటల్లో చాలావాటికి నెట్ లేకుండా కనీసం ఇన్‌స్టాల్ కూడా చెయ్యలేను. బీరువాలో దాచిన హార్డ్ డిస్క్‌లో గాగ్ నుంచి దింపుకున్న విచర్ 2 ఉంది. డబల్ క్లిక్ చేశాను, ఎక్కేసింది. అప్పటికి ఉద్యోగం లేదు, ఊరంతా చీకటి, ఫోన్లు మోగవు. కరెంటు వచ్చాక ఆ రెండు వారాలు నాకు తోడుగా ఉన్నది ఆ ఆటే. డబ్బు కట్టినవాణ్ణి దొంగలా అనుమానించకుండా వస్తువుని వస్తువులా చేతికిచ్చినవాళ్ళ మీద నాకు అప్పుడు పుట్టిన గౌరవం ఇప్పటికీ ఉంది. మీ రూమ్మేట్ అభిమానం కూడా ఇలాంటిదేదో అయ్యుంటుంది, దాన్ని తీసిపారెయ్యకు.

2015 మే 19న విచర్ 3 వచ్చింది. కొన్న ప్రతివాడికీ 16 చిన్న అదనపు భాగాలు ఉచితంగా ఇచ్చారు. మిగతా కంపెనీలు గుర్రం జీనుకి కూడా విడిగా డబ్బు అడుగుతున్న కాలం అది. తర్వాత డబ్బు తీసుకుని ఇచ్చిన రెండు పెద్ద భాగాల్లో రెండోది, 2016లో వచ్చిన బ్లడ్ అండ్ వైన్, ఒక పూర్తి ఆటంత ఉంటుంది. 2023 మే నాటికి విచర్ 3 ఒక్కటే 5 కోట్ల కాపీలు దాటింది.

ఇక్కడొక సంగతి గమనించు. ఆట బాగుండటం వల్ల వచ్చే పేరు వేరు, కొన్నవాడితో మర్యాదగా నడుచుకోవడం వల్ల వచ్చే పేరు వేరు. వీళ్ళకి రెండూ వచ్చాయి, కానీ జనం గుండెల్లో పెట్టుకున్నది రెండోదాన్ని. 2020 దెబ్బ అంత గట్టిగా తగలడానికి కారణం అదే. ఎగ్గొట్టడానికి అలవాటు పడిన కంపెనీ ఇంకోసారి ఎగ్గొడితే జనం తిట్టుకుని వదిలేస్తారు. సొంతమనుకున్నవాడు చేస్తే వదలరు.

అంతకుముందు మచ్చ లేదనుకోకు. విచర్ 2 కాపీలు అక్రమంగా దింపుకున్నారని జర్మనీలో లాయర్ల ద్వారా జనానికి డబ్బు కట్టమని ఉత్తరాలు పంపించారు. తాళం వెయ్యం అని చెప్పిన నోటితోనే ఇది. గోల పెద్దదయ్యాక 2012 జనవరిలో ఆపేశారు. విచర్ 3 కి 2013లో చూపించిన ట్రైలర్‌కీ చివరికి వచ్చిన ఆటకీ గ్రాఫిక్స్‌లో తేడా ఉందని గొడవైంది, తేడా ఉన్నమాట వాళ్ళే ఒప్పుకున్నారు. విచర్ కథల రచయిత ఆంజెయ్ సప్‌కోవ్‌స్కీ 2018లో 6 కోట్ల జ్లోటీలు (పోలండ్ డబ్బు) అడిగిన వ్యవహారాన్ని మాత్రం నేను వాళ్ళ తప్పుల్లో వెయ్యను. ముందు ఒకేసారి డబ్బు చాలని తీసుకున్నది ఆయనే, 2019 చివర్లో ఇద్దరూ కొత్త ఒప్పందం చేసుకున్నారు.

ఇక సైబర్‌పంక్ 2077. దీని దగ్గర కొంచెం ఆగుదాం, నీ ప్రశ్నకి జవాబు ఇందులోనే ఉంది.

ఆటని 2012లో ప్రకటించారు. రిలీజ్ 2020 ఏప్రిల్ 16 అన్నారు, సెప్టెంబర్ 17 అన్నారు, నవంబర్ 19 అన్నారు. అక్టోబర్ మొదట్లో 'గోల్డ్ అయింది' అని ప్రకటించారు. మా భాషలో దానర్థం డిస్కు మీదికి ఎక్కించే బిల్డ్, అంటే ఆట తయారైన రూపం, సిద్ధమైందని. అది చెప్పిన మూడు వారాలకే మళ్ళీ డిసెంబర్ 10కి తోశారు. ఆ వార్త చదివిన రోజు నేను మా టీమ్ గ్రూప్‌లో "పాత కన్సోల్ మీద ఏదో పెద్దది ఆగట్లేదు" అని రాశాను. నాకేదో దివ్యదృష్టి ఉండి కాదు. గోల్డ్ అయ్యాక తేదీ జరిపారంటే మొదటిరోజు ప్యాచ్‌తో, అంటే రిలీజ్ రోజు నెట్ ద్వారా పంపే సవరణతో, మొయ్యలేనంత బరువు మిగిలిపోయిందన్నమాట.

నవంబర్ చివర్లో, రిలీజ్‌కి రెండు వారాల ముందు, కంపెనీ పెద్దాయన ఆడమ్ కిచిన్‌స్కీ ఇన్వెస్టర్లతో, ఇంత పెద్ద ప్రపంచం అయినా పాత కన్సోళ్ళ మీద ఆశ్చర్యపడేంత బాగా నడుస్తోందన్నట్టు చెప్పారు. రివ్యూలు రాసేవాళ్ళకి ముందుగా పీసీ కాపీలే ఇచ్చారు. వాళ్ళు సొంతంగా రికార్డ్ చేసిన వీడియో చూపించకూడదు, కంపెనీ ఇచ్చిన క్లిప్పులే వాడాలి. అంటే డబ్బు కట్టేరోజు వరకు పీఎస్4 మీద, అంటే సోనీ పాత కన్సోల్ మీద, ఆ ఆట ఎలా ఉంటుందో బయటివాడు ఒక్కడికీ తెలిసే దారి లేదు.

మన దగ్గర లెక్క ఇంకా దారుణం. ఇండియాలో పీఎస్5 అమ్మకానికి వచ్చిందే 2021 ఫిబ్రవరి 2న. కాబట్టి 2020 డిసెంబర్‌లో సోనీ కన్సోల్ మీద ఆడాలనుకున్న విశాఖ కుర్రాడికి పీఎస్4 తప్ప వేరే దారి లేదు. మనవాళ్ళు కొన్నది సరిగ్గా ఎవరూ చూపించని ఆ వెర్షన్‌నే.

డిసెంబర్ 18కల్లా సోనీ తన ఆన్‌లైన్ కొట్లోంచి ఆటని తీసేసి, అడిగినవాళ్ళందరికీ డబ్బు తిరిగిస్తామంది. మళ్ళీ పెట్టింది 2021 జూన్ 21న. అంత పెద్ద ఆటకి అలా జరగడం నేనెప్పుడూ చూడలేదు. ఆ పదిరోజుల్లోనే, వాపసులు తీసేసి కూడా, కోటీ 30 లక్షల కాపీలు అమ్ముడయ్యాయి.

లోపం ఎక్కడ? ఇవిన్‌స్కీ 2021 జనవరిలో క్షమాపణ వీడియోలో చెప్పిన సాంకేతిక కారణం నిజమే. ఆ ఊరంతా జనం, బళ్ళు, బోర్డులు. నువ్వు బండి తోలుతుంటే ముందున్న వీధి తాలూకు డేటా డిస్కు మీంచి మెమరీలోకి అప్పటికప్పుడు రావాలి. పీఎస్4లో ఉన్నది తిరిగే హార్డ్ డిస్క్, అది అంత వేగంగా అందించలేదు. అందుకే గోడలు మైనంలా కనిపించడం, మనుషులు ఆలస్యంగా ప్రత్యక్షమవడం, క్రాష్‌లు. ముందు పీసీ మీద అందంగా చేసి, తర్వాత పాత కన్సోల్‌కి సర్దుదామనుకున్నారు. ముందు పట్టుబట్ట నేసేసి, ఆనక అగ్గిపెట్టెలో పట్టేలా మడుద్దాం అనుకున్నట్టు. అగ్గిపెట్టెలో పట్టే చీర నేసేవాడు మొదటి పోగునుంచీ ఆ అగ్గిపెట్టెనే కళ్ళముందు పెట్టుకుంటాడు.

అదే వీడియోలో ఇంకోమాట అన్నారు, మీరు చూసిన సమస్యల్లో చాలావరకు మా టెస్టింగ్‌లో కనబడలేదని. ఈ మాట నా పొట్టలో గుచ్చుకుంది. ఎందుకో చెప్తాను.

మాదాపూర్‌లో నేను చేసిన ఒక కంపెనీలో, పేరు వద్దులే, ఫోన్లలో ఆడే ఒక రేసింగ్ ఆట చేశాం. 2 జీబీ ర్యామ్ ఉన్న ఫోన్లలో ఆట సేవ్ అవుతున్న క్షణంలో కాల్ వస్తే సేవ్ ఫైలు ఖాళీ అయిపోయేది. ఆడినవాడి నెలరోజుల కష్టం సున్నా. పదిసార్లు చేస్తే ఏడుసార్లు అయ్యేది. ఏ ఫోను, ఏ బిల్డ్, ఏ నొక్కు తర్వాత ఏ నొక్కు, అన్నీ రాసి వీడియో తీసి 'క్రిటికల్' అని పెట్టాను. రెండు వారాల తర్వాత చూస్తే 'మైనర్' అయింది, ఆ తర్వాత 'వోంట్ ఫిక్స్', అంటే సరిచెయ్యం అని క్లోజ్ చేసేశారు. తక్కువ ర్యామ్ ఫోన్లవాళ్ళు డబ్బు ఖర్చుపెట్టరు అన్నది మీటింగ్‌లో చెప్పిన కారణం. రిలీజ్ అయిన మూడోరోజు నుంచి ఒక్క స్టార్ రివ్యూలు. శ్రీకాకుళం నుంచి ఒక పిల్లాడు "అన్నా నా కార్లన్నీ పోయాయి" అని తెలుగులో రాసింది ఇప్పటికీ గుర్తుంది. మా పైవాళ్ళు క్లయింటుకి రాసిన మెయిల్‌లో ఏముందంటే, టెస్టింగ్‌లో ఇది బయటపడలేదు అని. ఆ రాత్రి నేను అన్నం తినలేదు.

అందుకని వార్సాలో లోపలేం జరిగిందో నేను చూడకపోయినా, ఆ వాక్యాన్ని నమ్మడం నావల్ల కాదు. అక్కడ పనిచేసినవాళ్ళు కొందరు బ్లూమ్‌బర్గ్ వార్తాసంస్థతో మాట్లాడుతూ, చాలా సమస్యలు ముందే తెలుసు, సరిచెయ్యడానికే టైమ్ లేదని అన్నట్టు అప్పుడే వచ్చింది కూడా. ఆట ఆడి మొదటి గంటలో ఎవడికైనా కనిపించే బగ్, అంటే ఆటలోని తప్పు, టెస్టర్ జాబితాలో లేకుండా ఉండదు. జాబితాలో ఉన్నదాన్ని పక్కన పెట్టే నిర్ణయం టెస్టర్‌ది కాదు, కోడ్ రాసినవాడిదీ కాదు. క్రిస్మస్ అమ్మకాలు దాటిపోకూడదనుకున్నవాళ్ళది. నువ్వు ఎవరిమీదైనా కోపం పెట్టుకోవాలంటే అక్కడ పెట్టుకో, స్టూడియోలో కూర్చుని పనిచేసినవాళ్ళ మీద వద్దు.

వాళ్ళ గోడు కూడా ఉంది. 2019 మేలో ఇవిన్‌స్కీ, ఎవర్నీ బలవంతంగా అదనపు గంటలు చేయించం అని బహిరంగంగా మాటిచ్చారు. 2020 సెప్టెంబర్ చివర్లో వారానికి ఆరురోజులు తప్పనిసరి అని లోపల మెయిల్ వెళ్ళింది. ఆ అదనపు గంటలకి డబ్బిచ్చారు, ఆ ఏడు లాభంలో 10 శాతం ఉద్యోగులకి పంచుతామన్నారు, అది ఒప్పుకోవాలి. అయినా మాట మాటే. 2023 జులైలో దాదాపు వందమందిని, అంటే ఇంచుమించు 9 శాతాన్ని, తీసేస్తామని ప్రకటించారు. ఆ ఏడు అక్టోబర్‌లో పోలండ్ గేమ్ ఉద్యోగులు యూనియన్ పెట్టుకున్నారు, దాని వెనక ఈ తీసివేతలే ఉన్నాయి.

ఇప్పుడు మీ మొదటి రూమ్మేట్ వైపు. సరిదిద్దిన తీరు నిజంగా గొప్పది, అందులో నాకు ఏ అనుమానమూ లేదు. డబ్బు చేతికొచ్చేసిన ఆటని మూడేళ్ళు పట్టుకుని కూర్చోవడం ఈ రంగంలో మామూలు విషయం కాదు. 2022 ఫిబ్రవరిలో 1.5 ప్యాచ్, పీఎస్5 వెర్షన్ ఒకేసారి వచ్చాయి. పీఎస్4 ఆట కొన్నవాళ్ళకి ఆ వెర్షన్ ఉచితం. ఆ సెప్టెంబర్‌లో ఆ ఆట ప్రపంచం మీదే తీసిన ఎడ్జ్‌రన్నర్స్ అనే జపనీస్ యానిమేషన్ సిరీస్ చూసి జనం మళ్ళీ ఆటలోకి వచ్చారు. 2023 సెప్టెంబర్ 21న వచ్చిన 2.0 ప్యాచ్‌లో పోలీసులు వెంటపడే తీరు, నైపుణ్యాలు పెరిగే పద్ధతి దాదాపు కొత్తగా రాశారు, దానికీ పైసా తీసుకోలేదు. టెస్టర్‌గా చెప్తున్నాను, నడుస్తున్న ఆటలో ఆ రెండింటిని పీకి మళ్ళీ కట్టడం అంటే జనం కాపురం ఉంటున్న ఇంటికి పునాది మార్చడం. పాత సేవ్ ఫైళ్ళు ఎన్ని రకాలుగా విరుగుతాయో ఊహిస్తేనే నాకు చెమటలు పడతాయి. ఐదురోజుల తర్వాత ఫాంటమ్ లిబర్టీ అనే పెద్ద అదనపు భాగం వచ్చింది. దాన్ని నేను రెండుసార్లు పూర్తిచేశాను, ఈ పదేళ్ళలో నేను ఆడినవాటిలో మంచి కథల్లో అదొకటి.

అయితే ఈ కథ చెప్పేవాళ్ళు ఒక సంగతి వదిలేస్తుంటారు. ఆ 2.0, ఆ ఫాంటమ్ లిబర్టీ పీఎస్4కి రాలేదు. దెబ్బతిన్నది ఎవరో వాళ్ళకి చివరి మందు అందలేదు. అందాలంటే ఇంకో కన్సోల్ కొనుక్కోవాలి. సాంకేతికంగా అది సరైన నిర్ణయమే, ఆ హార్డ్ డిస్క్ మీద ఇంతకంటే లాగలేరు. కానీ గాజువాకలోనో కంచరపాలెంలోనో పీఎస్4 మీద ఆగిపోయినవాడు "వాళ్ళు బాగుచేశారు కదా" అన్నమాట విని ఎందుకు మొహం తిప్పుకుంటాడో అర్థం చేసుకో. మీ రెండో రూమ్మేట్ దగ్గర అప్పట్లో ఏ కన్సోల్ ఉండేదో ఒకసారి అడుగు.

ప్యాచ్ సరిచేసేది ఆటని. దాచిపెట్టి అమ్మడాన్ని ఏ ప్యాచ్ సరిచెయ్యదు. అది మళ్ళీ ఒక రిలీజ్ రోజు ఎదురైనప్పుడు వాళ్ళు ఎలా నడుచుకుంటారో దాన్నిబట్టే తేలుతుంది. ఫాంటమ్ లిబర్టీ అందుకు చాలదు, ఎందుకంటే అప్పటికే నిలబడిన ఆటకి అది ఇంకో గది. అసలు పరీక్ష విచర్ 4.

దాని గురించి ఇప్పటికి తెలిసినవి మూడు చెప్తాను. తమ సొంత ఇంజిన్ (ఆటని నడిపించే మూల సాఫ్ట్‌వేర్) వదిలి బయటివాళ్ళ అన్‌రియల్ ఇంజిన్ 5కి మారుతున్నట్టు 2022లో ప్రకటించారు. 2026 ముగిసేలోపు విచర్ 4 రాదని 2025 మార్చిలో వాళ్ళే చెప్పారు, కాబట్టి నీకు తొందరేం లేదు. 2025 జూన్‌లో విచర్ కథల్లోని సిరి పాత్రతో ఒక సాంకేతిక డెమో చూపించారు, అది మామూలు పీఎస్5 మీద సెకనుకి 60 ఫ్రేములతో నడిచింది. నీ దగ్గరున్న అదే పెట్టె. అది చూసి నాకు సంతోషమేసింది. ఈసారి పీసీ నుంచి కిందికి సర్దడం కాకుండా కన్సోల్ నుంచి మొదలుపెట్టారు, అంటే అగ్గిపెట్టె ముందే బల్లమీద పెట్టుకున్నారు. అయితే అది ఆటలోని భాగం కాదు, డెమో అని వాళ్ళే స్పష్టంగా చెప్పారు. మేం డెమో బిల్డ్ టెస్ట్ చేసేటప్పుడు చూసేది ఆ పది నిమిషాల దారినే. ఆ దారికి పక్కనున్న తలుపు తెరిస్తే ఏముంటుందో ఎవరూ పట్టించుకోరు.

రిలీజ్ దగ్గరపడ్డాక నువ్వు చూడాల్సింది ట్రైలర్లు కాదు. రిలీజ్‌కి ముందే కన్సోల్ కాపీలు రివ్యూవాళ్ళ చేతికి వెళ్ళాయా? వాళ్ళు సొంతంగా రికార్డ్ చేసిన వీడియో పెడుతున్నారా? ఆ వీడియో ప్రో మోడల్ మీదదా, మామూలు పీఎస్5 మీదదా? ఈ మూడిటికీ జవాబు మంచిగా వస్తే ఆ వారమే కొను, నేనూ కొంటాను. ఒక్కటి తేడా వచ్చినా మూడునాలుగు నెలలు ఆగు. డిజిటల్ కాపీకి మొదటిరోజే స్టాక్ అయిపోవడమంటూ ఉండదు, ప్రీ-ఆర్డర్‌కి ఇచ్చే కత్తి బొమ్మకో చొక్కా రంగుకో నీ ట్యూషన్ డబ్బు ముడిపెట్టకు. డిస్కు కొంటే ఇంకో మేలుంది, నచ్చకపోతే తెలిసినవాళ్ళకి సగం ధరకైనా ఇచ్చేయొచ్చు.

చివర్లో టెస్టింగ్ ఉద్యోగం గురించి కూడా అడిగావు. అది విడిగా మాట్లాడదాం, దాంట్లో చెప్పాల్సింది చాలా ఉంది. ఈలోపు ఒక పని చెయ్యి. నువ్వు ఇప్పుడు ఆడుతున్న ఏ ఆటలోనైనా ఒక బగ్ పట్టుకుని, అది ఎలా వస్తుందో ఇంకెవడైనా చదివి మళ్ళీ తెప్పించగలిగేలా రాసి ఇక్కడే కింద పెట్టు. నేను చూసి చెప్తాను.